బి ల్యాబ్ కేబుల్

11 ఆగస్టు 2008, సోమవారం

నిన్నటి వానకు పిడుగు పడి కాలేజీ గేట్‌వే మెషీన్ పోయింది. హార్డ్‌డిస్క్‌లోంచి టక్ టక్‌మని చప్పుడు, అంతే. బయటి నుంచి వచ్చే నెట్ ముందు ఆ డబ్బాలోకి వచ్చి, అక్కడి నుంచే అన్ని ల్యాబులకూ పోతుంది. అది పోతే కాలేజీ మొత్తం పోయినట్టే.

హెచ్ఓడీ ఆదినారాయణ సార్ కంపెనీకి ఫోన్ చేశాడు. కొత్త డబ్బా రావడానికి ఐదు వారాలట. పక్కనే ఉన్నాను కాబట్టి చెప్పాను. లైబ్రరీ సర్వర్ ఊరికే పడి ఉంది, దాంట్లోనే ఇంకో కంప్యూటర్‌లా పనిచేసే వర్చువల్ మెషీన్ ఒకటి చేసి గేట్‌వే సాఫ్ట్‌వేర్ వేసుకోవచ్చు, అది ఫ్రీగానే దొరుకుతుంది అని. ఆయన నా వైపు తిరగను కూడా లేదు.

‘ఏమ్మా, మీ గూడెంలో కరెంటే లేదు. నీకు సర్వర్ సంగతి యాడ తెలుస్తాది? పోయి కీబోర్డులు తుడుచుకో పో’ అన్నాడు.

తుడిచాను. ముప్పై ఆరు. ఒక దాని ఎంటర్ కీ ఊడి చేతిలోకి వచ్చింది.

డిప్లొమా ఫస్ట్ క్లాస్. అపాయింట్‌మెంట్ ఆర్డర్‌లో ల్యాబ్ అటెండర్.

12 ఆగస్టు

మా గూడెంలో కరెంటు ఉంది. ఆరేళ్లయింది. నిన్న నోట్లోంచి రాని ఆ మాట ఈ రోజు బస్సులో వచ్చింది, శిరివెళ్ల దాటాక. కండక్టర్ నన్నే చూశాడు.

13 ఆగస్టు

జీవమ్మ వచ్చి ఏడ్చింది. ఫైనల్ ఇయర్, గోస్పాడు పిల్ల. స్కాలర్‌షిప్ దరఖాస్తులు ఈసారి ఆన్‌లైన్‌లోనే పెట్టాలి. అదీ కాలేజీ లాగిన్ నుంచే పోవాలి, బయట నెట్ సెంటర్‌లో కుదరదు. ఆఖరు తేదీ ముప్పై. హాస్టల్‌లో నూట పన్నెండు మంది ఉన్నారు. ‘అక్కా, స్కాలర్‌షిప్ రాకపోతే మా నాయన నన్ను చదువు మానిపిస్తాడు’ అంది. సార్‌ను అడిగితే, మీ తొందరకు కంపెనీ పరిగెత్తుకుని రాదు అన్నాడట.

ఆఖరు తేదీ ఆయనకు తెలుసు. నోటీస్ బోర్డులో సంతకం ఆయనదే.

15 ఆగస్టు

జెండా ఎగరేశారు. ఆదినారాయణ సార్ సమాన అవకాశాల గురించి ఇరవై నిమిషాలు మాట్లాడాడు. నేను బిస్కెట్ ప్యాకెట్లు పంచాను.

తిరుగు బస్సులో పార్థును పట్టుకున్నాను. పార్థసారథి మా సిస్టమ్ అడ్మిన్, అహోబిలం అతను. వాళ్ల నాయన గుడి కైంకర్యంలో ఉంటాడు. రోజూ ఆళ్లగడ్డ నుంచి ఇద్దరమూ ఒకే బస్సు. మంచివాడే, భయస్థుడు. లినక్స్ ఎప్పుడూ ముట్టుకోలేదని ఒప్పుకున్నాడు. ఆదివారం సర్వర్ రూమ్ తాళం తీస్తానన్నాడు. సార్‌కు మాత్రం చెప్పొద్దన్నాడు.

17 ఆగస్టు, ఆదివారం, ఉదయం 10

లైబ్రరీ సర్వర్‌లో వర్చువల్ మెషీన్ తయారైంది. మెమరీ 256, డిస్క్ 8 జీబీ. నిన్న నెట్ సెంటర్‌లో మూడు గంటలు కూర్చుని సీడీలోకి ఎక్కించుకున్న సాఫ్ట్‌వేర్ ఇన్‌స్టాల్ అవుతోంది. పార్థు తలుపు దగ్గర కాపలా.

మధ్యాహ్నం 1.15

రావడం లేదు. సర్వర్‌కు రెండు నెట్‌వర్క్ కార్డులు. ఒకటి బయటి లైన్‌కు, ఒకటి లోపలి ల్యాబులకు. రెండూ సరిగానే పెట్టాను. అయినా ల్యాబ్ సిస్టమ్‌లో పేజీ తెరుచుకోదు. రెండుసార్లు మొదటి నుంచి వేశాను. పార్థు ‘ఇంక చాల్లే వెన్నెలా, పోదాం పా’ అంటున్నాడు. పోను. పోతే సార్ మాటే నిజమవుతుంది.

సాయంత్రం 4

తప్పు దొరికింది! వర్చువల్ మెషీన్‌కు రెండు కార్డులు చూపించాను గానీ, అవి రెండూ అసలు సర్వర్‌లోని ఒకే కార్డుకు తగులుకుని ఉన్నాయి. లోపలిదీ బయటిదీ ఒకే తీగ మీద. విడదీశాను. పేజీ వచ్చింది. ఎ ల్యాబ్, బి ల్యాబ్, లైబ్రరీ, స్టాఫ్ రూములు, ఒక్కొక్కటే పోయి చూశాను. అన్నిట్లోనూ వచ్చింది. మెట్ల మీద పరిగెత్తాను.

ఇంటికొచ్చి అమ్మకు చెప్పాను. ఒక మెషీన్ కడుపులో ఇంకో మెషీన్ పెట్టాను, అది వాకిలి కాస్తుంది అన్నాను. అమ్మకు నచ్చింది. ‘కాస్తే కాసింది గానీ పాపా, దానికి నీ పేరు తెలుసునా?’ అంది.

18 ఆగస్టు

స్టాఫ్ మీటింగ్. మన పార్థసారథి సెలవు రోజు కూడా కష్టపడి గేట్‌వేను నిలబెట్టాడని ఆదినారాయణ సార్ చెప్పాడు. ప్రిన్సిపాల్ చప్పట్లు కొట్టాడు. అందరూ కొట్టారు. పార్థు నేల చూశాడు.

నేను టీ కప్పులు తీస్తున్నాను.

బస్సులో అతను ముందు సీట్లో కూర్చున్నాడు. గంటసేపు అతని మెడ వెనుక భాగం చూశాను. ఒక్కసారి తిరిగితే ఏం పోయేది? ఒక్క మాట. ‘నేను కాదు సార్.’ మూడే ముక్కలు. నోరు నొప్పి పుడుతుందా!

20 ఆగస్టు

అరగంట కావాలని సార్‌ను అడిగాను. కరెంటు పోయి సర్వర్ మళ్లీ ఆన్ అయితే లోపలి వర్చువల్ మెషీన్ తనంతట తాను లేవదు. దానికి ఒక సెట్టింగ్ ఉంది. అది పనిచేస్తుందో లేదో ఒకసారి అంతా ఆపి చూడాలి. ‘నడుస్తాండేదాన్ని ఆపి చూడడమేంది? నీకు పనేం లేదా?’ అన్నాడు. కాగితం మీద రాసి ఇచ్చాను. దాన్ని మడిచి టీ గ్లాసు కింద పెట్టాడు.

25 ఆగస్టు

ఎక్కడ మొదలుపెట్టాలో తెలియడం లేదు.

ఇరవై ఎనిమిది, తొమ్మిది ఇన్‌స్పెక్షన్. వచ్చేవాళ్లకు నెట్ స్పీడ్ చూపించాలట. అందుకని ఆదినారాయణ సార్ బి ల్యాబ్‌కు నెట్ కట్ చేయమన్నాడు. నాకే చెప్పాడు! గేట్‌వేలో ఒక రూల్ రాయాలంటే ఎవరికి వచ్చో ఆయనకు బాగా తెలుసు. చప్పట్లప్పుడే తెలియదు.

బి ల్యాబ్ అంటే హాస్టల్ పిల్లల ల్యాబ్. స్కాలర్‌షిప్ లాగిన్ ఉన్నది అక్కడే. ఇంకా తొంభై మంది మిగిలారు. ఆ మాటే చెప్పాను. ఎవరెంత నెట్ వాడారో చూపే లాగ్ ప్రింట్ తీసి బల్ల మీద పెట్టాను. లైన్‌లో సగం తింటున్నది స్టాఫ్ రూములు, అందులో మొదటిది ఆయన రూమే. షేర్ మార్కెట్ పేజీ పొద్దున తొమ్మిది నుంచి తెరిచే ఉంటుంది. ఆయన ప్రింట్ చింపాడు. ‘నువ్వు ఆ కోటాలోనే వచ్చినావు, వాళ్లనే ఎనకేసుకొస్తాండావు’ అన్నాడు.

అవును సార్. వాళ్లనే.

ఆ మాట ఈసారి బస్సు దాకా ఆగలేదు. అక్కడే అనేశాను. రూల్ రాయనని కూడా చెప్పాను.

26 ఆగస్టు

ఇన్‌స్పెక్షన్ అయ్యేదాకా రావద్దు, సెలవు రాసి పో అన్నారు. రాయలేదు. వచ్చేశాను.

27 ఆగస్టు

జీవమ్మ ఫోన్. పొద్దున పార్థు బి ల్యాబ్‌కు వచ్చి, స్విచ్‌లోంచి కేబుల్ పీకి, చుట్ట చుట్టి తీసుకుపోయాడట. రూల్ రాయడం రాదు, కేబుల్ పీకడం వచ్చు. పిల్లలు అడిగితే ‘పైనోళ్లు చెప్పినారు’ అన్నాడట.

అన్నం తినలేదు. అమ్మ తిట్టింది. నన్ను కాదు.

29 ఆగస్టు, మధ్యాహ్నం

పదకొండున్నరకు పార్థు ఫోన్ చేశాడు. కరెంటు పోయి వచ్చిందట, సర్వర్ లేచింది గానీ నెట్ ఎక్కడా లేదట, ఇన్‌స్పెక్షన్ వాళ్లు ప్రిన్సిపాల్ రూమ్‌లో కూర్చుని ఉన్నారట. ‘ఏం చెయ్యాలో బిరీన చెప్పు వెన్నెలా’ అన్నాడు.

నవ్వు రాలేదు. కోపం కూడా రాలేదు. చల్లగా అయిపోయాను.

ముందు బి ల్యాబ్ కేబుల్ పెట్టు, ఆ తర్వాత చెప్తాను అన్నాను. ఆదినారాయణ సార్ ఫోన్ లాక్కున్నాడు. ‘బెదిరిస్తాండావా?’ అన్నాడు. లేదు సార్, నేను పెట్టిన గేట్‌వేలో అన్ని ల్యాబులూ ఉన్నాయి, అన్నీ ఉంటేనే అది నేను పెట్టింది అన్నాను.

తర్వాత ప్రిన్సిపాల్ గొంతు, దూరంగా. ఆ అమ్మాయి పెట్టిందా? పార్థసారథి కదా పెట్టింది? అని.

అప్పుడు పార్థు మాట వినిపించింది. ‘వెన్నెల పెట్టింది సార్. నేను తాళం తీసినా, అంతే.’

పదకొండు రోజులు ఆలస్యం. అయినా అన్నాడు.

కేబుల్ పెట్టారు. బి ల్యాబ్ నుంచి జీవమ్మ మిస్డ్ కాల్ ఇచ్చేదాకా ఆగాను. తర్వాత పార్థుకు ఒక్కొక్కటే చెప్పాను. స్క్రీన్ మీద ఏ కిటికీ తెరవాలి, ఏ పేరు మీద క్లిక్ చేయాలి, ఏ బటన్. రెండు నిమిషాల పని. ఆ రెండు నిమిషాలకేనా వీళ్లు నాకు అరగంట ఇవ్వంది!

30 ఆగస్టు

సాయంత్రం ఐదుకు జీవమ్మ ఫోన్ చేసింది. నూట పన్నెండులో నూట తొమ్మిది దరఖాస్తులు పోయాయి. ముగ్గురికి ఆదాయం సర్టిఫికెట్ రాలేదు. ఆ ముగ్గురి పేర్లు అడిగి రాసుకున్నాను. సోమవారం ఎమ్మార్వో ఆఫీసుకు పోవాలి. గడువు పెంచుతారేమో కనుక్కోవాలి.

తన దరఖాస్తు నంబరు చదివి వినిపించింది. రెండుసార్లు చదివింది.

1 సెప్టెంబరు

కాలేజీ అటెండర్ సుబ్బయ్య ఆళ్లగడ్డ దాకా వచ్చి మెమో ఇచ్చి పోయాడు. గేట్‌వే తనంతట తాను లేవకపోవడానికి నా నిర్లక్ష్యమే కారణమట. మూడు రోజుల్లో జవాబు ఇవ్వాలట. కింద ఆదినారాయణ సార్ సంతకం. నేను రాసిచ్చిన కాగితం గ్లాసు కింద మరక పడి ఉండవచ్చు. నా దగ్గర జిరాక్స్ ఉంది.

2 సెప్టెంబరు

జిరాక్స్ జత చేసి జవాబు రాశాను. ఒక కాపీ ప్రిన్సిపాల్‌కు. కింద హోదా అన్న చోట ల్యాబ్ అటెండర్ అని రాయలేదు.

గేట్‌వే పెట్టిన మనిషి అని రాశాను.