ఏ ఊరి తర్వాత ఏ ఊరు

అన్నా,

హాలియా తొవ్వల నువ్వు వడదెబ్బకు పోయి నేటికి ఏడాది. ఎరువు కోసం నలభై ఊర్ల చేన్లల్ల మన గొర్ల మంద పెట్టి రావాలె గదా. ఏ ఊరి తర్వాత ఏ ఊరు పోతే నడక తగ్గుతదని పట్నంల లెక్కల సారును అడిగిన.

"వరుసలన్నీ చూడాలంటే లెక్కలు చేసే యంత్రానికి గూడ యుగాలు పడ్తది. అన్నీ చూడకుంట ఎన్ని ఊర్లకైనా తేల్చే దగ్గరి ఉపాయం ఉన్నదో లేదో ఎవలకు తెల్వది," అన్నడు.

దగ్గరి తొవ్వ ఉండంగనే నువ్వు గంత ఎండల నడిచినవా, నడవక తప్పలేదా? నాకిగ ఎప్పటికీ తెల్వది.

పొద్దుగాల వదిన సద్ది కట్టిచ్చింది. "గా తొవ్వకు మాత్రం పోకు," అన్నది. ఊరు దాటంగనే పెద్ద పొట్టేలు నీ తొవ్వకే మర్లింది. ఆపి ఏ దిక్కు తోలాల్నో తెల్వక, నేను గూడ మంద ఎంబడే నడుస్తున్న.