స్వామి కుంట చేపలు

చిరంజీవి పవిత్రకు,

చెన్నరాయస్వామి నిన్ను చల్లగా చూడాలని దీవిస్తూ అమ్మ రాస్తున్నది. అందరం క్షేమమని రాయడం ఆనవాయితీ కాబట్టి మొదట అదే రాస్తున్నాను. నీ జలుబు తగ్గిందా? హాస్టల్లో వేడినీళ్లు అడిగి తాగు.

ఫోనులో అడిగితే కోప్పడతానేమోనని ఉత్తరం రాశానన్నావు. “నిజంగా స్వామి కుంట చేపలేనా అమ్మా?” అన్నావు. అవే తల్లీ. నీ పరిశోధనలో కాలవ చేపల రక్తంతో పోల్చడానికి పురుగుమందు తగలని చేపలు కావాలన్నప్పుడు నాకు తోచింది ఆ కుంట ఒక్కటే. చుట్టూ సేద్యం లేదు. కొండ మీద నుంచి దిగే వాననీరే. అందులో ఎవరూ వల వేయకూడదని ఊరి కట్టుబాటు. చేపలు పట్టే నాగన్న కూడా వలతో గట్టున నిలబడిపోయాడు.

“స్వామి చేపలక్కా. పాపం నాకు సుట్టుకుంటాదేమో.”

“తినేకి కాదు నాగన్నా, బిడ్డ సదువుకు. ఆ పాపమేదో నాకే రానీ, వెయ్యి.”

డ్రమ్ములో ప్రాణాలతో బస్సెక్కించింది ఆ చేపలనే. వాటి రక్తంలోనూ కాలవ చేపల మాదిరే చక్కెర పెరిగి, మాంసకృత్తులు తగ్గాయని రాశావు. “మీ అమ్మ కాలవలో పట్టించి కుంట అని చెప్పుంటుంది” అని మీ సారు అందరి ముందూ నవ్వాడని, పనంతా మొదటినుంచి చేయమన్నాడని రాశావు. చదివి నాకు కోపం రాలేదు. నేను అబద్ధమాడి ఉంటే బాగుండేదనిపించింది.

ఇంతవరకు దాచింది ఇప్పుడు రాస్తున్నాను. నేను కడప ఆసుపత్రి వరండాలో ఉన్నాను. సోమవారం మిరపకు మందు కొట్టి వచ్చిన మీ నాయన నురగ కక్కి పడిపోయాడు. ఇప్పుడు ప్రాణభయం లేదు, కంగారుపడకు. మందు రక్తంలోకి ఎక్కిందని చెప్పి డాక్టరు మీ నాయన్ను అడిగాడు.

“ఒంటి మీద పడుతుందా?”

“పడితే ఏం సార్? స్వామి కుంటలో మునిగితే మంటంతా లాగేస్తాది. మందు కొట్టినోళ్లంతా ఆడికే పోతాం. డబ్బాలు గూడా ఆన్నే కడుగుతాం.”

“ఆ నీళ్లే తాగుతారా?”

“తీర్థం తాగకుండా ఎట్లొస్తాం సార్?” అని మీ నాయన నవ్వాడు.

డాక్టరు నవ్వలేదు. నాకు నీ చేపలు కళ్ల ముందు మెదిలాయి. మంట పోయిందని మగవాళ్లు మురిశారు, స్వామి మహిమ అని మేము దండాలు పెట్టాము. పోయిన మంట ఎక్కడ చేరిందో ఒక్కరమూ అడగలేదు.

మీ నాయన నా చేయి పట్టుకొని, “కుంట మాట పాపకు రాయాకు. స్వామి నీళ్లు విషమని పుస్తకంలో ఎక్కితే ఊళ్లో మనల్ని బతకనిస్తారా?” అన్నాడు. బతకనివ్వరు. అయినా రాయి తల్లీ. కుంట పేరుతో సహా రాయి. ఈ ఉత్తరం మీ సారుకు చూపించు. మందు తగలని చేప కావాలంటే ఆయన్నే వెతికి తెమ్మను.

ఈ ఉదయం నాగన్న సీసాలో కుంట తీర్థం తెచ్చాడు, తాగితే త్వరగా లేస్తాడని. స్వామిని క్షమించమని కూడా అడగకుండా దాన్ని మోరీలో పారబోశాను. అదే సీసాలో కుళాయి నీళ్లు పట్టి తీర్థమని ఇచ్చాను.

మీ నాయన కళ్లకద్దుకొని తాగి, “పానం లేసొచ్చినట్టుండాది” అన్నాడు.

ఇట్లు,
మీ అమ్మ,
గంగాదేవి