పూల చీర ముక్క

బుధవారం, కోడూరు

బందరు రేవులో అమ్మకానికున్న పాత ఫైబర్ బోటును చూసి వచ్చాను. అమ్మే ముసలాయన మంచివాడు, టీ కూడా ఇప్పించాడు. బోటుకు కొత్తగా నీలం రంగు వేయించాడు. నా అలవాటు కొద్దీ, లోపల అతుకులున్నాయేమోనని రూపాయి బిళ్ళతో అడుగంతా కొట్టి చూశాను. అంతటా గట్టిగానే పలికింది, ముందు భాగంలో ఒక్క చోట మాత్రం మొద్దుగా పలికింది. అక్కడ చాకుతో రంగు గీకితే ఎర్ర పూల గుడ్డ బయటపడింది.

అది మా ఆవిడ పాత చీర ముక్క. తొమ్మిదేళ్ళ కిందట నా బోటు పగిలితే, అతుకు వేసే ఫైబర్ మ్యాట్ చాలక ఆ ముక్క అతికించి రెసిన్ జిగురు పూసింది నేనే. ఆ సంగతి దాచి బ్రోకరుకు అమ్మేశాను. ఎవరు కొన్నారో కూడా అడగలేదు.

"మా పెద్దోడు దీంట్లోనే వేటకెళ్ళాడు బాబూ," అన్నాడు ముసలాయన. "బోటు దొరికింది, వాడు దొరకలేదు. నీళ్ళు ఎక్కణ్ణుంచి వచ్చాయో ఇప్పటికీ తెలీదు."

ఆయన టీ గ్లాసులు ఇచ్చి రావడానికి వెళ్ళగానే, గీకిన చోట తడి బురద పూసేశాను. తర్వాత నాకు వద్దని చెప్పాను.

రేపు ఇంకెవరో చూడ్డానికి వస్తున్నారట. ఆ వచ్చేవాడు బిళ్ళతో కొట్టి చూస్తాడో లేదో...