తెరిపి

కృషి అధికారి సాహెబ్‌కు నమస్కారం.

మొన్న రాజురా అవతల మీరు చూసిపోయిన పత్తిచేను మాదే. మబ్బులు వీడకపోతే గులాబీ పురుగు పడుతుందనీ, ‘ఉఘడీప్’ రాగానే మందు కొట్టమనీ మీరు వానల్లోనే మరాఠీలో మెసేజ్ పంపారు. ఉఘడ్ అంటే తెరుచుకోవడమే కదా అని కాయలు పగిలేదాకా ఆగాం. పగిలిన కాయల్లో పత్తి లేదు, పురుగే ఉంది.

ఉఘడీప్ అంటే వాన తెరిపి అని మొన్న చేను చూశాక మీరు నవ్వుతూ చెప్పారు. “మహారాష్ట్రలో ఉంటూ మరాఠీ రాదా?” అన్నారు. మా ఆయన మీరు వెళ్లిన దగ్గర్నుంచీ “తెరిపంటే నాకెర్కలేదా ఏంది?” అని అదే మాట అంటున్నాడు.

ఈ ఉత్తరం తెలుగులో రాశాను. ఎవరితోనైనా చదివించుకోండి. అర్థం తప్పినా భయం లేదు సాహెబ్, మీ జీతానికి పురుగు పట్టదు.