మళ్ళీ మళ్ళీ అడిగిన పువ్వు

నేను, కీర్తిశేషుడు అప్పలస్వామి పెద్ద కూతురు ఈశ్వరమ్మను, ఈ దీవిలోని రివియేర్ దు రాంపార్‌లో ప్రాథమిక పాఠశాల ఉపాధ్యాయినిని, పూర్తి తెలివితో, ఎవరి బలవంతమూ లేకుండా నా చేత్తో రాస్తున్న వీలునామా ఇది. మా ఇంట్లో సంతకం పెట్టడం నేర్చిన మొదటి మనిషిని నేనే. నాకు ముందు అందరివీ వేలిముద్రలే. అవీ ఎవరో చెయ్యి పట్టుకుని వేయించినవే.

ఎల్లుండి నా కడుపులో గడ్డకు ఆపరేషన్. బతుకుతానో లేదో డాక్టరు గట్టిగా చెప్పలేదు.

1. మా పెదనాన్న సూరయ్య ఈ ఆపరేషన్ సంగతి సింహాద్రప్పన్నను అడిగాడు. మా వాళ్ళ పద్ధతి ప్రకారం దేవుడి భుజాన తడిపువ్వు పెడతారు. కుడికి పడితే సరే, ఎడమకు పడితే వద్దు. పువ్వు కుడికే పడింది. పెదనాన్న "గాలికి పడింది, లెక్కలోకి రాదు" అన్నాడు. తలుపు మూసి మళ్ళీ పెట్టాడు. మళ్ళీ కుడికే. "పువ్వు వాడిపోయింది" అన్నాడు. దేవుడు తన మాట వినేదాకా అడిగి, చివరికి ఎడమకు పడగానే దండం పెట్టాడు. మొన్న ఆగస్టులో, దీవికి స్వాతంత్ర్యం కావాలా వద్దా తేల్చిన ఎన్నికల్లో, లారీ ఎక్కి "మన దేశం దారి మనమే ఎంచుకోవాలి" అని గొంతు చించుకున్నది కూడా ఈయనే. ఆ లారీ దిగి ఇంటికొచ్చి, ఆడవాళ్ళందరికీ ఏ గుర్తుకు వేయాలో చెప్పాడు.

ఆయనకు వంటింటి వెనక నేను పెంచిన బంతిమొక్కలన్నీ ఇస్తున్నాను. పూలకు కొదవ ఉండదు.

2. నేను చనిపోతే పువ్వు మాట నిజమైందని ఆయన ఊరంతా చెబుతాడు. అది అబద్ధం. ఆసుపత్రి కాగితం చదివి, అర్థం చేసుకుని, నేనే ఒప్పుకున్నాను. చావు వస్తే గడ్డ వల్ల వస్తుంది. వెళ్ళాలన్న నిర్ణయం మాత్రం నాది. దాన్ని ఇంకెవరికీ రాసివ్వడం లేదు, దేవుడికి కూడా.

3. మా పెద్దమ్మ పాపమ్మకు ఒక కొత్త చీర. "వెళ్ళు బిడ్డా, నేను చూడనట్టే ఉంటా" అని ఆసుపత్రికి నా సంచి సర్దింది ఆమే. ఈ వీలునామా అమలు చేసే నా స్నేహితురాలు జోసెలిన్ ఆమెను సాంత్ర్ ద ఫ్లాక్ బజారుకు తీసుకెళ్ళాలి. పెదనాన్న వెంట రాకూడదు. "నీ ఇష్టం అమ్మా" అంటుంది పెద్దమ్మ. ఒప్పుకోవద్దు. ఆమె తనంత తానుగా ఒక రంగు మీద చెయ్యి వేసేదాకా దుకాణంలోనే నిలబడాలి. షాపువాడు విసుక్కుంటే విసుక్కోనీ.

4. నాన్న వదిలిన చెరకు పొలంలో నా వాటా, పోస్టాఫీసులో నా పొదుపు, చెల్లెలు నర్సమ్మకు. ఉపాధ్యాయ శిక్షణ పూర్తి చేస్తేనే అని మొదట రాశాను. అది చదివి జోసెలిన్ నవ్వింది. "మీ పెదనాన్న పువ్వు పెట్టాడు, నువ్వు షరతు పెట్టావు" అంది. కోపమొచ్చి కాగితం లాక్కున్నాను. తర్వాత ఆ వాక్యం కొట్టేశాను.

నర్సమ్మ శిక్షణ మానేసి కుట్టు దుకాణం పెడతానంటోంది. అది శుద్ధ తెలివితక్కువ పని, నాకు ఏమాత్రం నచ్చలేదు. ఆస్తి మొత్తం ఆమెదే, షరతు ఏదీ లేదు.

రివియేర్ దు రాంపార్, 3 సెప్టెంబరు 1967

(సంతకం) ఈశ్వరమ్మ అప్పలస్వామి

సాక్షులు: జోసెలిన్, ఉపాధ్యాయిని
రామానుజం, తెలుగు పంతులు