పదేళ్ల చొక్కా

మార్చి 3, సోమవారం

ఈ రోజు నుంచి చవక చొక్కాలు బంద్! మూడు ఉతుకులకే చచ్చే గుడ్డ ఇక నా ఒంటి మీద పడదు. కొంటే ఒక్కటే కొంటాను. పదేళ్లు మన్నేది.

కారణం రాసి పెట్టుకుంటాను, రేపు మనసు మారితే పనికొస్తుంది. పొద్దున ఒక పెద్దాయన వాళ్ల నాన్న వాచీ తెచ్చాడు. నలభై ఏళ్ల నాటిది. విప్పి, శుభ్రం చేసి, నూనె వేసి, నడిపించి ఇచ్చాను. ఆయన వాచీ చూడలేదు, నా భుజం చూశాడు. "వాచీలకి ప్రాణం పోస్తారు గానీ, ఆ చొక్కాని కాపాడలేకపోయారా?" అన్నాడు. భుజం దగ్గర కుట్టు వదిలేసి లోపలి బనియన్ కనిపిస్తోంది. కొని పదకొండు రోజులైంది.

అసలు కారణం ఇంకోటి ఉంది. 29న మా అమ్మాయికి కాలేజీలో పట్టా ఇస్తారు. తల్లిదండ్రులకి ముందు వరుసలో సీట్లు. "నాన్నా, ఈసారి మంచి చొక్కా వేసుకురా" అంది నిన్న. ఆ 'ఈసారి' గుచ్చుకుంది. నాలుగేళ్ల క్రితం స్కూలు వార్షికోత్సవంలో దానికి బహుమతి ఇస్తుంటే చేతులు పైకెత్తి చప్పట్లు కొట్టాను. చంక నుంచి నడుము దాకా పర్రుమంది. మిగతా కార్యక్రమమంతా చేతులు కట్టుకుని కూర్చున్నాను. ఈసారి దాని పరువు తీయను. ఒట్టు!

మార్చి 4, మంగళవారం

మధ్యాహ్నం 2.00. షాపు ఖాళీ. మంచి చొక్కా లక్షణాలు:

తిరగేసి చూడాలి. లోపల దారాలు వేలాడకూడదు.
వెలుతురుకి పట్టుకోవాలి. అవతలి మనిషి కనిపిస్తే అది చొక్కా కాదు, దోమతెర.
అంగుళానికి ఎన్ని కుట్లో లెక్కపెట్టాలి. (వాచీలకి వాడే కంటి భూతద్దం ఉండగా నాకేం దిగులు!)
కుట్టుకి రెండు వైపులా పట్టి లాగాలి.
గుండీ కూడా లాగాలి.

రాత్రి మా ఆవిడకి చదివి వినిపించాను. ఆవిడ ఆస్పత్రి బట్టల గదిలో పని చేస్తుంది. రోజూ వందల దుప్పట్లు ఆవిడ చేతుల మీదుగానే ఉతుక్కి వెళ్లి వస్తాయి. "వేళ్ల మధ్య నలిపితే తెలిసిపోతుంది కదండీ, ఇదంతా ఎందుకు?" అంది. శాస్త్రీయ పద్ధతి అంటే ఆవిడకి లెక్కలేదు.

మార్చి 6, గురువారం

పక్క షాపు దర్జీ నా లిస్టు చూసి నవ్వాడు. ఇరవై ఏళ్లుగా ఒకరినొకరం బావా అని పిలుచుకుంటున్నాం, చుట్టరికం ఏమీ లేదు.

"ఏం బావా, పక్కన దర్జీని పెట్టుకుని ఊరంతా చొక్కా వెతుకుతావా?"

"నీకిస్తే ఎప్పుడిస్తావ్? నా ప్యాంటు పోయిన వానాకాలంలో ఇచ్చాను. పొడుగు తగ్గించడానికి ఏడాది కావాలా?"

"మా గోడ గడియారం నీ దగ్గర ఎనిమిది నెలల నుంచి పడుంది. అది విప్పావా మరి?"

గడియారం సంగతి ఇక్కడ అప్రస్తుతం.

వెళ్తూ వెళ్తూ, "అయినా ఇప్పుడు చొక్కా ఎవడు కుట్టించుకుంటున్నాడులే. అందరూ కొన్నవి తెచ్చి చేతులు పొట్టి చెయ్యమనేవాళ్లే" అన్నాడు. మామూలుగానే అన్నాడు. అన్నం తింటుంటే ఎందుకో ఆ మాట మళ్లీ గుర్తొచ్చింది.

మార్చి 9, ఆదివారం

10.30. మొదటి షాపు. మూడు చొక్కాలు తిరగేశాను. అమ్మే కుర్రాడు నవ్వుతూ నిలబడ్డాడు.

11.15. రెండో షాపు. కంటికి భూతద్దం బిగించాను. అంగుళానికి ఏడు కుట్లు. ఏడే! పైకే అనేశాను. పక్కనున్న దంపతులు చేతిలోవి కింద పెట్టి వెళ్లిపోయారు. ఇక్కడి కుర్రాడు నవ్వలేదు.

12.05. మూడో షాపు. గుండీ లాగాను. ఊడొచ్చింది. అనుమానం తీరక ఇంకోటి లాగాను. అదీ వచ్చింది. మేనేజరు కూడా వచ్చాడు.

12.20. రోడ్డు మీద ఉన్నాను. జేబులో రెండు గుండీలు.

ఉత్సాహం తగ్గలేదు!

మార్చి 12, బుధవారం

4.30. ఫోన్ మోగింది. 'చొక్కాల సేల్. ఇంకో గంటే!' చూడటంలో తప్పేం లేదు. శత్రువు ఎలా ఉంటాడో తెలియాలి కదా.

4.40. చూశాను.

4.55. ఒకటి ఆర్డరు పెట్టాను. ఇది కొనడం కిందికి రాదు. పరిశోధన. చెడ్డది ఎదురుగా ఉంటేనే కదా మంచిదేదో తెలిసేది.

5.05. ఒక్కటైతే పోల్చి చూడటానికి ఉండదని మూడు చేశాను.

మార్చి 15, శనివారం

పార్శిల్ మా ఆవిడ చేతికి చిక్కింది. విప్పి, ఒక్కోదాన్నీ రెండు వేళ్లతో నలిపింది. "నీలంది రెండు ఉతుకులు. గళ్లది మూడు. ఈ తెల్లది ఉతక్కండి, దాన్నలా ఉండనివ్వండి."

"ఇది పరిశోధన" అన్నాను.

"బీరువా కింది అరలో ఉన్నవన్నీ కూడా పరిశోధనేనా?"

కింది అరలో పందొమ్మిది ఉన్నాయి. నేల తుడవడానికి కూడా పనికిరావు, నీళ్లు పీల్చవు.

మార్చి 18, మంగళవారం

నీలంది రెండో ఉతుకులో పోయింది. ఉత్తినే పోలేదు, నా బనియన్లన్నిటికీ రంగు అంటించి పోయింది. మా ఆవిడ నీలం బనియన్లు మడిచి నా పక్కన పెట్టి వెళ్లింది.

"చొక్కా దొరికిందా నాన్నా?" అంది అమ్మాయి.

"దొరుకుతుంది తల్లీ."

ఇంకా పదకొండు రోజులు. కొంచెం భయంగానే ఉంది.

మార్చి 20, గురువారం

దొరికింది!!!

వెనక వీధిలో, ఇరుకు మెట్లెక్కి వెళ్లే చిన్న షాపు. ఒక పెద్దావిడ నడుపుతోంది. నేను భూతద్దం తీయగానే తిట్టలేదు సరికదా, బల్ల మీది లైటు నా దగ్గరికి జరిపింది. అంగుళానికి పద్దెనిమిది కుట్లు! తిరగేసి చూస్తే ఒక్క దారం కొస బయట లేదు. గుండీ లాగితే నేను ముందుకి తూలాను గానీ గుండీ రాలేదు. లేత బూడిద రంగు. నా కొలతకి అదొక్కటే ఉంది.

ఇంట్లో మా ఆవిడ నలిపి చూసి, జాగ్రత్తగా మడిచి పెట్టింది. ఆవిడ మెచ్చుకోవడం అంతవరకే ఉంటుంది. అమ్మాయి వెంటనే తొడిగించింది. "అబ్బో! నువ్వేనా నాన్నా?" చేతులు ఎత్తి చూపించమంది. ఎత్తాను. కుట్టు కిక్కురుమనలేదు. ముగ్గురం నవ్వుకున్నాం. ఇంత సంతోషంగా ఉండి ఎన్నాళ్లయిందో.

మార్చి 22, శనివారం

ఒక సందేహం. ఆ కాలరు అంత తీరుగా ఎలా నిలబడింది? లోపల ఏదో పెట్టారు. ఏం పెట్టారు?

పాతికేళ్లుగా ఈ పనిలో ఉన్నాను. మూత తీసి లోపల చూడకుండా ఏ వస్తువునీ బాగుందని ఒప్పుకున్న పాపాన పోలేదు.

మార్చి 23, ఆదివారం

సెలవు. షాపులో ఒక్కణ్ణే. చొక్కా, బ్లేడు, పట్టకారు.

11.00. కాలరు కింద నాలుగు కుట్లు మాత్రమే విప్పుతాను. చూసి మూసేస్తాను.

11.20. లోపల బక్రం అని గట్టి గుడ్డ ఉంది. అద్భుతం! మరి మణికట్టు పట్టీలో?

12.10. అక్కడా ఉంది, కానీ పల్చటిది. ఎంత ఆలోచించారో!

1.30. చెయ్యిని భుజానికి ఎలా కలిపారో తెలిసింది. ఒక మడతలో ఇంకో మడత దూర్చి, రెండుసార్లు కుట్టారు. ఊడమన్నా ఊడదు. (నేను ఊడదీశాను.)

3.00. మొత్తం పదిహేడు ముక్కలు. వాచీ భాగాలు పెట్టే ట్రేల్లో వరసగా పెట్టి నంబర్లు వేశాను. ఏది ఎక్కడిదో కళ్లు మూసుకుని చెప్పగలను.

3.05. ఇప్పుడు తిరిగి బిగించాలి.

3.06. దీనికి స్క్రూలు లేవు.

మార్చి 24, సోమవారం

ట్రేలు పట్టుకుని బావ షాపుకి వెళ్లాను. ఆయన ట్రేల వైపు చూశాడు. నా వైపు చూశాడు. కళ్లజోడు తుడుచుకుని మళ్లీ ట్రేల వైపు చూశాడు.

"ఏంటి బావా ఇది?"

"చొక్కా."

"ఎవరు చంపారు?"

చెప్పాను. పొట్ట పట్టుకుని నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు. ఒక చెయ్యి ముక్క తీసుకుని అంచు వెంబడి చాలాసేపు వేలితో తడిమాడు. "మంచి పనివాడు కుట్టాడు బావా. మా గురువు ఇలాగే కుట్టేవాడు. ఇలాంటిది చేత్తో పట్టుకుని ఎన్నేళ్లయిందో" అన్నాడు.

"శనివారానికి ఇవ్వగలవా? అమ్మాయి పట్టా రోజు."

"కుదరదు. నీ బ్లేడు అక్కడక్కడా గుడ్డని కొరికింది. తొందరపడితే మొత్తానికే పోతుంది. వారం పైనే పడుతుంది, నిజంగా." ట్రేలు తన వైపు జరుపుకుని, "మా గడియారం ఎలా ఉంది?" అన్నాడు.

విప్పమని ఇచ్చిన గడియారాన్ని ఎనిమిది నెలలుగా ముట్టుకోలేదు. విప్పకూడని చొక్కాని నాలుగు గంటల్లో పదిహేడు ముక్కలు చేశాను. ఇంట్లో 'ఇస్త్రీకి ఇచ్చాను' అని చెప్పాను.

మార్చి 28, శుక్రవారం

వెనక వీధి పెద్దావిడ దగ్గరికి మళ్లీ వెళ్లాను. "మీ కొలతకి ఒక్కటే ఉండింది నాయనా. మీరే తీసుకెళ్లారుగా" అంది.

సాయంత్రం 6.30. బస్టాపు ఎదుటి పెద్ద షాపు. ఒకటి కొంటే ఒకటి ఉచితం. బూడిద రంగు ఉంది. దూరం నుంచి చూస్తే అదే అనిపిస్తుంది. దగ్గర్నుంచి అంగుళానికి ఆరు కుట్లు. భూతద్దం తీసి జేబులో వేసుకున్నాను.

మా ఆవిడ నలిపింది. నా మొహం చూసింది. "రేపు చేతులు ఒంటికి ఆనించుకుని కూర్చోండి" అంది. ఇస్త్రీ ఊసు ఎత్తలేదు.

మార్చి 29, శనివారం

9.50. ముందు వరుస. రెండు చంకల్లో రెండు థర్మామీటర్లు పెట్టుకున్నవాడిలా కూర్చున్నాను.

10.30. తుమ్ము వచ్చింది. ఆపుకున్నాను.

11.25. మా అమ్మాయిని పిలిచారు. హాలంతా చప్పట్లు. నేను మోచేతులు కదలకుండా వేళ్లతో కొట్టాను. ఆ చప్పుడు నాకే వినపడలేదు. అది వేదిక మీద నుంచి ముందు వరుసలో వెతికింది. నన్ను చూసింది, నా చేతులు చూసింది. దాని మొహంలో నవ్వు కాస్త తగ్గింది.

నాలుగేళ్ల క్రితం కూడా ఇలాగే చూసి ఉంటుంది. ఆ రోజు బహుమతి తర్వాత అది పాట పాడింది. నేను తలెత్తలేదు, చిరుగు ఎక్కడిదాకా పోయిందో చూసుకుంటున్నాను. అది ఏ పాట పాడిందో ఇప్పటికీ నాకు తెలియదు.

11.26. లేచి నిలబడి రెండు చేతులూ పైకెత్తి కొట్టాను. కుడి వైపు పర్ర్. ఎడమ వైపు పర్ర్. ఆపలేదు. వెనక ఎవరో నవ్వారు. పట్టా ఇస్తున్న పెద్దమనిషి కూడా నవ్వాడు. మా అమ్మాయి వేదిక మీదే పడీ పడీ నవ్వుతూ కళ్లు తుడుచుకుంది. మా ఆవిడ మాత్రం, "ఇంకాస్త గట్టిగా కొట్టండి, ఇంకేం మిగిలిందని" అంది.

బయటికి వచ్చాక అమ్మాయి తన నల్ల గౌను తీసి నా భుజాల మీద కప్పింది.

"ఆ మంచి చొక్కా ఏమైంది నాన్నా?"

"లోపల ఏముందో చూద్దామని విప్పాను."

"ఏది, కాలరా?"

"అన్నీ." తల దించుకున్నాను. "ఈసారి కూడా నీ పరువు తీశాను తల్లీ."

"పరువేంటి నాన్నా? మంచి చొక్కా వేసుకోమన్నది ఎందుకనుకున్నావ్? అప్పుడు మధ్యలో చేతులు కట్టేసుకున్నావుగా. ఈసారి చివరిదాకా కొడతావని."

ఇంటికి వచ్చే బస్సులో, ఆ రోజు పాడిన పాట మళ్లీ పాడమన్నాను. చిన్నగా, నాకు మాత్రమే వినపడేటట్టు పాడింది. చాలా బాగా పాడుతుంది.

మార్చి 31, సోమవారం

పొద్దున్నే గోడ గడియారం విప్పాను. ఒక పళ్ల చక్రం అరిగింది, అంతే. నలభై నిమిషాల పని. ఎనిమిది నెలలు ఎందుకు పెట్టానంటే, బావదే కదా, ఎక్కడికి పోతుందిలే అని. పక్కనే దర్జీ ఉండగా ఇరవై ఏళ్లు ఆ దిక్కుమాలిన చొక్కాలు కొన్నదీ అందుకే.

గడియారం ఆయన గోడకి నేనే తగిలించాను. బావ కుట్టడం ఆపి అది టిక్కుటిక్కుమనడం విన్నాడు. "శనివారం వచ్చి చొక్కా తీసుకో" అన్నాడు. "ప్యాంటు కూడా."

ఏప్రిల్ 7, సోమవారం

చొక్కా శనివారమే వచ్చింది! అన్న రోజుకి! విప్పినట్టే తెలియడం లేదు. "మళ్లీ బ్లేడు పెట్టావంటే నీ వాచీలన్నీ నేను విప్పుతా" అన్నాడు బావ. ప్యాంటు ఇంకా కాలేదట.

ఈ రోజు అమ్మాయికి ఉద్యోగంలో మొదటి రోజు. ముగ్గురం బస్టాపుకి వెళ్లాం. బస్సు కదలగానే రెండు చేతులూ ఎత్తి ఊపాను. అది కిటికీలోంచి తల బయటపెట్టి ముందు నా చంకల వైపు చూసింది. తర్వాత నా మొహం చూసి, అదీ రెండు చేతులూ ఊపింది. కుట్టు చెక్కు చెదరలేదు. ఊపుతూనే ఉన్నాను.

మా ఆవిడ నా మోచేతులు పట్టుకుని కిందికి దించింది. "బస్సు వెళ్లి అయిదు నిమిషాలైందండీ" అంది.

8.40. తీర్మానం మళ్లీ మొదలు. పదేళ్లదాకా రెడీమేడ్ చొక్కా కొనను. కావలిస్తే బావ కుడతాడు. ఈ చొక్కాని విప్పను. మొదటి రోజు!

9.10. ఫోన్ మోగింది. ఏదో సేల్. చూడలేదు.

9.12. నీలం రంగులో కూడా ఉందట.