ఊరు మొయ్యదు

2 అక్టోబర్ 2007, సాయంత్రం

గాంధీ గారి పుట్టినరోజు. అనకాపల్లిలో బ్రాందీ షాపులు మూత. అందుకే మా ఊరి బెల్టు షాపులో పొద్దున్నుంచీ జాతర.

పంచాయతీ ఆఫీసు ముందు గ్రామసభ. ఆడవాళ్ళంతా కట్టకట్టుకుని వచ్చి బెల్టు షాపు ఎత్తించమన్నారు. అది మన సేతిలో లేదమ్మా, ఎక్సైజోళ్ళది అన్నాడు సర్పంచ్ త్రినాధరావు. షాపు సర్పంచ్ బామ్మర్దిది. ఆ సంగతి ఎక్సైజ్ వాళ్ళకీ తెలుసు.

నా నోరు ఊరుకోదు. సర్పంచ్ గారింట్లో గొడుగులు ఫ్రీ అని కిందటి నెలే గోడ మీద రాసి సగం ఊరిని వానలో లైన్లో నిలబెట్టినవాణ్ణి. లేచి, షాపు మీద పడతారేటి, తాగి సచ్చినోడి పాడె ఊరు మొయ్యదని రూలెట్టండి, ఆల్లే మానేత్తారు అన్నాను.

పక్కన మా బావ సత్తియ్య, అప్పటికే క్వార్టర్ వేసి ఉన్నాడు. వాణ్ణి ఏడిపించడానికే అన్నాను. చిన్నప్పట్నుంచీ ఒకర్నొకరు ఏడిపించుకోవడమే మా పని. ఊళ్ళో ఎవరు పోయినా పాడె ముందు కొమ్ము వాడి భుజం మీదే ఉంటుంది. అందరూ నవ్వారు. వాడు అందరికన్నా గట్టిగా నవ్వి, ఓరి యేసుపాదం, అయితే నన్ను నువ్వు సైకిల్ కేరేజీ మీద తీసుకెల్లిపో అన్నాడు.

నవ్వనివాళ్ళు ఆడవాళ్ళే. ఒక చెయ్యి లేచింది. ఎవరిదా అని చూస్తే నా పెళ్ళాం కృపావతిది. దాని పక్కన సత్తియ్య పెళ్ళాం పైడితల్లి. తరవాత లెక్కపెట్టడమే కష్టమైంది. పెళ్ళాల ముందు చెయ్యి దించుకుని కూర్చోలేక మగాళ్ళు కూడా ఎత్తారు.

రూలు పాస్.

3 అక్టోబర్

ఇది చట్టం కాదు, చెల్లదు అన్నాడట పంచాయతీ సెక్రటరీ. పైన అసెంబ్లీలో వాళ్ళు చేసేది మాకు తెలీదు, మేం చేసేది వాళ్ళకి తెలీదు. సరికి సరి.

20 నవంబర్

నమ్మలేకపోతున్నాను. బెల్టు షాపుకి సగం బేరం పోయింది. పోలీసుకి భయపడనివాళ్ళు పాడెకి భయపడుతున్నారు. నా సైకిల్ షాపులో కూర్చున్నవాళ్ళంతా లా పాయింటు నువ్వే తీసేవు మామా అని టీ తాగిస్తున్నారు. కాలర్ ఎగరేశాను.

సత్తియ్య మాత్రం ఆపలేదు. రూలు పెట్టినోడు నా బావే కదేటి అంటాడు.

11 డిసెంబర్

గెడ్డవీధి ముసలాయన పోయాడు. తాగేవాడు. సత్తియ్య అలవాటు కొద్దీ తువ్వాలు భుజాన వేసుకుని ముందు కొమ్ము ఎత్తబోయాడు. ఆడవాళ్ళు అడ్డం నిలబడ్డారు. తిట్టలేదు, తొయ్యలేదు. నిలబడ్డారంతే. ముసలాయన ఎద్దుబండి మీద వెళ్ళాడు. గతుకుల్లో తల అటూ ఇటూ ఊగింది.

సత్తియ్య ఈ సాయంత్రం బెల్టు షాపు వైపు వెళ్ళలేదు. రేపూ వెళ్ళడనిపిస్తోంది. వాడి మొహం ఎప్పుడూ అలా లేదు.

9 ఫిబ్రవరి 2008

వాడు నిజంగానే మానేశాడు. కానీ పొట్ట ఉబ్బింది, కళ్ళు పచ్చబడ్డాయి. విశాఖపట్నం తీసుకెళ్ళి స్కానింగ్ చేయించాను. లివర్ మొత్తం పోయింది, ఇంటికి తీసుకెళ్ళిపోండి అన్నాడు డాక్టర్. బస్సులో కిటికీ పక్కన కూర్చుని తుమ్మపాల దాకా చెరుకు బళ్ళు చూస్తూ వచ్చాడు. ఏమీ అడగలేదు. నేనూ జోకు వెయ్యలేదు. అదే వాడికి సమాధానం అయ్యుంటుంది.

30 మార్చి

ఇవాళ అడిగాడు. బావా, నాకు మందులొద్దు, ఏటీ ఒద్దు. ఈ ఊర్లో నాను మొయ్యనోడు లేడు. నన్ను బండెక్కించకండి. ఆ రూలు నువ్వే ఎట్టేవు, నువ్వే తీయించు అన్నాడు.

తీయించేత్తాను రా, అదేటంత పని అన్నాను.

14 ఏప్రిల్, రాత్రి

మళ్ళీ గ్రామసభ. నేనే లేచాను. జీవితంలో మొదటిసారి పంచాయతీ ముందు సీరియస్‌గా మాట్లాడాను. జనం కాసేపు నవ్వడానికి రెడీగా ఉన్నారు. అది నా ఖర్మ. సత్తియ్య మానేసి నాలుగు నెలలైంది, మానేసినోడిక్కూడా ఇదేటి, రూలు రద్దు చెయ్యండి అన్నాను. సత్తియ్యని నులక మంచం మీద తెచ్చి ఓ పక్కన పడుకోబెట్టాం. ముందు సారి నవ్విన మగాళ్ళంతా ఇప్పుడు తలలు వంచుకుని చేతులెత్తారు. కృపావతి కూడా నా మొహం చూసి ఎత్తింది.

రద్దు వద్దన్నవాళ్ళు ఎత్తండి అన్నాడు త్రినాధరావు. ఆడవాళ్ళ చేతులు లేచాయి. రెండుసార్లు లెక్కపెట్టి, సరిసమానం అన్నాడు.

అప్పటిదాకా పైడితల్లి ఎటూ ఎత్తలేదు. మొగుడి కాళ్ళ దగ్గర కూర్చుని ఈగలు తోలుతోంది. నువ్వేటంటావమ్మా అన్నాడు సర్పంచ్. నాకు ధైర్యం వచ్చింది. ఇంక మనదే అనుకున్నాను.

విసనకర్ర కింద పెట్టి, రూలు ఉండాల అంది. చెయ్యి ఎత్తింది.

నేను ఏం కూశానో గుర్తులేదు. నువ్వసలు పెళ్ళానివేనా అన్నానట. అది ఏడవలేదు. అన్నయ్యా, మా అల్లుడు మానేసింది దీనికి బయపడే. నా కూతురు ఒంటి మీద దెబ్బ లేదిప్పుడు. ఈయనొక్కడికోసం తీసేత్తే రేపు ఆడు మల్లీ మొదలెడతాడు. నా మొగుడికి తీసేసి ఇంకోడికి ఎట్టమని ఏ మొకం పెట్టుకు అడగను అంది.

మంచం మీంచి సత్తియ్య, ఒగ్గీ బావా, దాని సెయ్యి దానిట్టం అన్నాడు.

15 ఏప్రిల్

నా సైకిల్ షాపు తియ్యలేదు.

28 ఏప్రిల్

తెల్లారగట్ల పోయాడు. పైడితల్లి ఒడిలో.

నేను తువ్వాలు చుట్టుకుని వెళ్ళాను. ఎవడొచ్చినా రాకపోయినా నేను మోస్తాను అన్నాను. పైడితల్లి నా రెండు చేతులూ పట్టుకుంది. ఒద్దన్నయ్యా, నువ్వే రూలు తప్పితే ఇంకెవులూ దానికి నిలబడరు అంది. తువ్వాలు విప్పేశాను. నోరున్నవాణ్ణని ఊరంతా అంటారు.

బండి మాత్రం ఎక్కించనివ్వలేదు తను. ఆయన బండొద్దన్నాడు, అదైనా జరగాల అంది. అనకాపల్లి నుంచి నలుగురు కిరాయి మనుషుల్ని తెచ్చాం. ఇద్దరు అప్పటికే తాగి ఉన్నారు. శవం మోసేవాళ్ళం, తాగకపోతే ఎలాగండీ అన్నారు. ముందు కొమ్ము పట్టుకున్నవాడు తూలుతున్నాడు.

ఊరు మొత్తం వెనకాల నడిచింది. సైకిల్ షాపు పెట్టిన ముప్ఫై ఏళ్ళలో ఆ రోడ్డు మీద అంతమందిని ఒకేసారి చూడలేదు. ఏడుస్తూ నడిచారు. ఒక్కరూ చెయ్యి వెయ్యలేదు.

దింపుడు కళ్ళం దగ్గర పాడె దించారు. అక్కడ చెవిలో పేరు పెట్టి మూడుసార్లు పిలవాలి, ప్రాణం ఉంటే పలుకుతాడని. ఆ కిరాయివాడు తల గోక్కుని, ఈయన పేరేటండీ అన్నాడు.

నేను పక్కన మోకాళ్ళ మీద కూర్చున్నాను. మొయ్యొద్దనే కదా రూలు. సత్తియ్యా అని మూడుసార్లు పిలిచాను. లెమ్మన్నారు. లేవకుండా బావా అని ఇంకోసారి పిలిచాను.

5 మే

పక్కవీధి దేముడు తాగడం మానేశాడట. వాళ్ళావిడ పరవాన్నం గిన్నె పట్టుకొచ్చింది. నువ్వెట్టిన రూలు సలవేనన్నయ్యా అంది.

తిన్నాను. గిన్నె కడిగి ఇచ్చేశాను.